ఓడలో టీ చప్పగా ఎందుకుంటుంది?

సంపాదకులకు,

తిరుపతి నుంచి చెన్నై రేవుకు సుమారు 140 కిలోమీటర్లు. 2022లో అక్కడి నుంచి కార్డీలియా అనే విహార ఓడల కంపెనీ వారి ఎంప్రెస్ ఓడ తిరగడం మొదలయ్యాక మన తిరుపతి, చిత్తూరు వాళ్లకు ఓడ ప్రయాణం చేతికందే దూరంలోకి వచ్చింది. సింగపూరు దాకా విమానంలో పోయి అక్కడ ఓడ ఎక్కేవాళ్లూ ఉన్నారు. విదేశాల్లో ఉన్న పిల్లలు అమ్మానాన్నలను పెద్ద ఓడలెక్కించి తిప్పుతున్నారు. తిరిగొచ్చినవాళ్లు చెప్పే మాటల్లో ఒకటి మాత్రం మారదు: "అన్నీ బాగున్నాయి గానీ టీ చప్పగా ఉంది." దాని వెనకాలే ఇంకో రెండు వస్తాయి. "టీకని పోతే తలుపులు మూసేసినారు." "కేకులన్నిట్లో గుడ్డే, ఏమీ తినలేకపోయినాం." ఈ మూడూ ముందుగా తెలిసుంటే తప్పించుకోగలిగినవే. ప్యాకేజీ అమ్మే ఏజెంట్లు కిటికీ గది, బాల్కనీ గది తేడా గంటసేపు చెబుతారు. రోజూ మధ్యాహ్నం టిక్కెట్టు డబ్బుల్లోనే దొరికే ఈ టీ గురించి అడిగితే "అదంతా ఓడలో చూసుకుంటారులే సార్" అంటారు. హోటల్, కేటరింగ్ పనిలో ఉన్నవాళ్లం కాబట్టి ఆ ఖాళీ నింపుదామని ఈ ఉత్తరం.

ముందు పేరు సంగతి. ఓడలో ఇచ్చేది ఆఫ్టర్‌నూన్ టీ, అంటే మధ్యాహ్నం టీతో పాటు పెట్టే చిరుతిండి. మన హోటళ్లలో సమోసా, పకోడీ, కేకు కలిపి పెట్టేదాన్ని హై టీ అంటున్నాం. బ్రిటన్‌లో హై టీ అంటే పని ముగించుకుని ఇల్లు చేరిన శ్రామికులు భోజనం బల్ల దగ్గర కూర్చుని వేడిగా తినే సాయంత్రపు తిండి. ఆఫ్టర్‌నూన్ టీ దొరల ఇళ్లలో పుట్టింది. రాత్రి భోజనం వేళ ఆలస్యమై ఎనిమిదింటికి చేరిన కాలంలో, 1840 ప్రాంతంలో, బెడ్‌ఫర్డ్ డచెస్ ఆనా మధ్యలో ఆకలికి ఆగలేక టీ, రొట్టె తెప్పించుకోవడంతో ఇది మొదలైందని చెబుతారు. అదే 1840 జులైలో క్యూనార్డ్ కంపెనీ ఓడ బ్రిటానియా లివర్‌పూల్ నుంచి అట్లాంటిక్ దాటడానికి బయలుదేరింది. పాల కోసం ఒక ఆవును కూడా ఎక్కించుకుని పోయింది! పాడి మీద బతికే మన పల్లెలకు ఈ ముచ్చట నచ్చుతుంది. ఆ కంపెనీ ఇప్పటికీ ఈ టీకి పేరు మోసింది. వాళ్ల క్వీన్ మేరీ 2 ఓడలో క్వీన్స్ రూమ్ అనే నాట్యశాలలో మధ్యాహ్నం మూడున్నరకు తెల్ల చేతితొడుగులు వేసుకున్న వెయిటర్లు బారులు తీరి టీపాట్లతో వస్తారు, పక్కన సంగీతం నడుస్తూ ఉంటుంది. అన్ని ఓడల్లోనూ అంత హంగు ఉండదు. చాలావాటిలో ఓడ రేవులో ఆగని రోజున పెద్ద భోజనశాలలో గంటసేపు పెడతారు, మిగతా రోజుల్లో బఫే మూలన ఒక బల్ల వేసి వదిలేస్తారు.

ఇక చప్పదనం. మన ఇంట్లో ఒక పెద్ద కప్పు టీకి అర కప్పు పాలు, అర కప్పు నీళ్లు, నిండు చెంచా పొడి పడుతుంది. అంటే 200 మిల్లీలీటర్లకు 3 నుంచి 4 గ్రాములు. అదీ సీటీసీ పొడి, సన్నటి గుళికలు. పాలల్లో పడి రెండు మూడు పొంగులు పొంగితే రంగు, వగరు, చేదు అన్నీ బయటికి వస్తాయి. పాలల్లోని ప్రొటీను ఆ వగరును పట్టేసుకుంటుంది కాబట్టి ఎంత మరిగించినా నాలుకకు గుచ్చుకోదు. ఓడలో ఇద్దరికి కలిపి ఇచ్చే టీపాట్ దాదాపు అర లీటరు పడుతుంది. అందులో రెండు టీ బ్యాగులు వేస్తారు, ఒక్కోటి రమారమి 2 గ్రాములు. అర లీటరుకు 4 గ్రాములంటే మన లెక్కలో ఇంచుమించు సగమే. పైగా మరగడం లేదు, నానడమే. దాని మీద మనవాళ్లు బ్యాగును దారంతో నాలుగుసార్లు ముంచి తీసి పక్కన పెట్టేస్తారు. చప్పగా ఉండక ఏమవుతుంది? టీ రుచి చూసే నిపుణులు పాటించే అంతర్జాతీయ ప్రమాణం ఒకటుంది, ఐఎస్ఓ 3103 అని. దాని లెక్క 100 మిల్లీలీటర్ల మరిగిన నీళ్లకు 2 గ్రాముల ఆకు, 6 నిమిషాలు నానడం. రోజూ తాగడానికి అంత కడుపు మంట అక్కర్లేదు గానీ, ఓడ టీపాట్ దానికి ఎంత దూరంలో ఉందో చూడండి.

కాబట్టి అడగాల్సింది ఇలా. అస్సాం గానీ ఇంగ్లిష్ బ్రేక్‌ఫాస్ట్ గానీ ఎంచుకోండి. ఇద్దరికి టీపాట్‌లో నాలుగు బ్యాగులు వేయమనండి. వెయిటర్‌కు ఇది కొత్త కోరిక కాదు, మామూలుగా దానికి వేరే డబ్బులు అడగరు. మూత పెట్టి నాలుగైదు నిమిషాలు కదపకుండా వదిలేయండి. తర్వాత బ్యాగులు తీసేయండి, చెంచాతో పిండకండి. పిండితే ఆఖరున దిగేది చేదే. బ్యాగులు అందులోనే వదిలేసి మాటల్లో పడితే రెండో కప్పు నోట్లో పెట్టుకోలేరు. పక్కన ఒక జగ్గులో వేడినీళ్లు, ఇంకో చిన్న జగ్గులో వేడి పాలు అడిగి పెట్టుకోండి. వేడి పాలని నొక్కి చెప్పాలి, ఎందుకంటే ఇంగ్లిషు పద్ధతిలో పాలు చల్లగానే వస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన పాలు కాస్త ఎక్కువ పోసుకున్నా మన లెక్కలో టీ చల్లారిపోయినట్టే. చాలా ఓడల్లో వాడేది నెలల తరబడి నిలవుండేలా బాగా కాచి డబ్బాల్లో నింపిన పాలు. వాటికి కాగిన వాసన ఉంటుంది, మీగడ కట్టదు. గుమ్మపాల రుచి ఎరిగినవాళ్లకు ఆ తేడా మొదటి గుక్కలోనే తెలుస్తుంది. దానికి మందు లేదు, ఒక బ్యాగు ఎక్కువ వేసుకోవడమే.

డార్జిలింగ్ పాలతో తాగేది కాదు. మూడు నిమిషాలు నానబెట్టి ఒట్టిగానే తాగాలి. గ్రీన్ టీకి మరిగిన నీళ్లు పోస్తే చేదెక్కుతుంది, 80 డిగ్రీల దగ్గర రెండు మూడు నిమిషాలు చాలు. ఎర్ల్ గ్రే తాగి సబ్బు వాసన వస్తోందని తిప్పి పంపేవాళ్లున్నారు. అది బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె వాసన, టీ చెడిపోలేదు. ట్రేలో పాలతో పాటు నిమ్మ బద్దలు కూడా వస్తాయి. రెండిట్లో ఏదో ఒకటే. రెండూ వేస్తే కప్పులోనే పాలు విరిగిపోతాయి, తప్పు పాలది అనుకుని వెయిటర్ మీద కేకలేయడం తర్వాతి సీను.

బఫేలో థర్మోస్ ఫ్లాస్కుల్లో నింపి పెట్టిన నీళ్లతో మాత్రం ఏం చేసినా మంచి టీ రాదు. నల్ల టీకి నీళ్లు 95 డిగ్రీలకు పైన ఉండాలి. ఫ్లాస్కులో గంట నిలిచి, చల్లటి పింగాణీ కప్పులో పడి, పైన టీ బ్యాగు చేరేసరికి ఆ వేడి ఎంతో పడిపోయి ఉంటుంది. నేరుగా బాయిలర్ కుళాయి ఉన్న చోటుకు పోండి. ముందు కప్పులో కాస్త వేడినీళ్లు పోసి, తిప్పి పారబోసి, అప్పుడు బ్యాగు వేసి నీళ్లు పట్టండి. మన టీ అంగడి వాళ్లు గ్లాసును వేడినీళ్లతో తొలిపి పోస్తారే, అదే కిటుకు.

నీళ్ల గురించి ఒక మాట. ఓడలో నీళ్లలో చాలా భాగం సముద్రపు నీటి నుంచి తీసినవే. ఇంజిన్ల వేడిని వాడుకుని, గాలి ఒత్తిడి తగ్గించి, తక్కువ వేడికే నీటిని ఆవిరి చేసి పడతారు. లేదంటే ఇళ్లల్లో ఉండే ఆర్వో పద్ధతినే పెద్ద ఎత్తున నడుపుతారు. అలా వచ్చిన నీళ్లలో ఖనిజాలు దాదాపు ఉండవు కాబట్టి సున్నపురాతి గుండా పంపి కొంత కలుపుతారు, తర్వాత క్లోరిన్ వేస్తారు. అమెరికా రేవులకు వచ్చే ఓడలను తనిఖీ చేసే అక్కడి ప్రభుత్వ ఆరోగ్య సంస్థ సీడీసీ నిబంధనల ప్రకారం కుళాయి చివర కూడా లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాముల క్లోరిన్ మిగిలి ఉండాలి. అందుకే కొందరికి లేత టీలో ఆ వాసన తెలుస్తుంది, చిక్కటి టీలో తెలియదు. ఇంకో వింత ఉంది. మన బోరు నీళ్లు గట్టివి, అంటే ఖనిజాలు ఎక్కువ, టీ మీద నూనె తెట్టులాంటి పొర కడుతుంది, రంగు మసకబారుతుంది. ఓడ నీళ్లు మెత్తనివి, టీ అద్దంలా తేటగా దిగుతుంది. కంటికి పలచగా కనిపించినంత మాత్రాన సారం లేనట్టు కాదు.

గదిలోనే అల్లం టీ పెట్టుకుందామని కాయిల్ హీటరు, కరెంటు కెటిల్ సర్దుకుని పోవద్దు. ఓడకు నిప్పును మించిన శత్రువు లేదు. వంటగదిలో కూడా గ్యాసు మంట ఉండదు, అంతా కరెంటు పొయ్యిలే. మెట్లెక్కేటప్పుడు స్కానింగులో మీ కెటిల్ పట్టుకుని దాచి, దిగే రోజున ఇస్తారు. బ్రిటిష్ ఓడల గదుల్లో కంపెనీ వాళ్లదే కెటిల్ ఉండటం మామూలు, చాలా అమెరికన్ ఓడల్లో ఉండదు. దంచిన శొంఠి, యాలకుల పొడి చిన్న పొట్లంగా పట్టుకుపోయి టీపాట్‌లో చిటికెడు వేసుకుంటే ఎవరూ కాదనరు.

తినేవాటి దగ్గరికి వద్దాం. మూడంతస్తుల స్టాండు వస్తే కింది తట్టలో శాండ్‌విచ్‌లు, నడుమ స్కోన్లు (బన్నులాంటి చిన్న రొట్టెలు), పైన కేకులు ఉంటాయి. కింద నుంచి పైకి తినడం ఆనవాయితీ. ఎక్కువ ఓడల్లో స్టాండు ఉండదు, వెయిటర్లు పళ్లేలు తిప్పుతూ పట్టకారుతో వడ్డిస్తారు. శాండ్‌విచ్ పళ్లెం మొదట వస్తుంది, మన పెళ్లి బంతిలో లాగే. వడ్డన ఒక్కసారితో ఆగదు, మళ్లీ మళ్లీ తిప్పుతారు. మొదటి పళ్లెంలోనే నాలుగేసి తీసుకుని గుట్ట వేసుకోనక్కర్లేదు.

శాకాహారులు బాగా గుర్తుపెట్టుకోవాల్సింది ఇక్కడే ఉంది. మన దేశంలో గుడ్డు ఉంటే పొట్లం మీద ఆకుపచ్చ గుర్తు పడదు. విదేశీ ఓడల్లో వెజిటేరియన్ అంటే గుడ్లు, పాలు ఉండొచ్చు. మాంసం, చేపలు లేకపోతే చాలు. మెనూలో వెజ్ గుర్తు ఉందని కేకు తిని, తర్వాత తెలిసి బాధపడే తిరుపతి అమ్మమ్మలకు ఓడ వాళ్లు అబద్ధం చెప్పలేదు, ఆ మాటకు వాళ్ల అర్థమే వేరు. గుడ్డు వద్దనుకుంటే టిక్కెట్టు కొన్నప్పుడే ఏజెంటుతో "ఇండియన్ వెజిటేరియన్, ఎగ్‌లెస్" అని రాయించండి. ఉల్లి, వెల్లుల్లి తినకపోతే అదీ విడిగా రాయించాలి. ఓడ ఎక్కిన మొదటి సాయంత్రమే భోజనశాల హెడ్ వెయిటర్‌ను కలిసి మళ్లీ చెప్పాలి. టీ వేళకు పోయి చెబితే కుదరదు, ఆ కేకులు అంతకు ఎన్నో గంటల ముందే తయారై ఉంటాయి. అప్పటికప్పుడు అడగాల్సి వస్తే వీగన్ ఏముందని అడగండి. అందులో గుడ్డూ ఉండదు, పాలూ ఉండవు, నిశ్చింత.

గుడ్డు దాక్కునే చోట్లు కొన్ని చెబుతాం. స్కోన్ పిండిలో చాలాసార్లు గుడ్డు ఉండదు, కానీ పైన కనిపించే ఆ బంగారు మెరుపు గుడ్డు పూతదే. పాలు పూస్తే అంత మెరవదు. శాండ్‌విచ్‌లోకి రాసే మయోనీస్‌లో పచ్చసొన ఉంటుంది. స్పాంజి కేకు సంగతి చెప్పక్కర్లేదు. గుడ్డు కన్నా లోతుగా దాక్కునేది జెలటిన్. పశువుల, పందుల చర్మం, ఎముకల నుంచి తీస్తారు. మూస్, చల్లగా గడ్డకట్టిన చీజ్‌కేకు, పండు మీద మెరిసే జెల్లీ, మార్ష్‌మాలో వీటిలో చాలాసార్లు ఉంటుంది. చీజ్ శాండ్‌విచ్‌లో వుస్టర్‌షైర్ సాస్ కలిపి ఉంటే అందులో చేప ఉంటుంది. కీరా దోసకాయ శాండ్‌విచ్ ఒకటే నిర్భయంగా తినదగ్గది, అదీ మయోనీస్ బదులు వెన్న రాసి ఉంటే.

ఆ కీరా శాండ్‌విచ్ చూడటానికి చిన్నదే గానీ చేయడంలో తెలివి ఉంది. మన ఊళ్లో పార్టీలకు చేసేవాళ్లు కూడా ఇది పట్టుకోవచ్చు. కీరాను కాగితమంత సన్నగా తరిగి, ఉప్పు చల్లి, 15 నుంచి 20 నిమిషాలు జల్లెడలో ఉంచి, గుడ్డతో నీరు ఒత్తేయాలి. రొట్టె రెండు ముక్కలకూ అంచుల దాకా వెన్న రాయాలి. వెన్న రుచికి మాత్రమే అనుకుంటారు, అది నీరు రొట్టెలోకి దిగకుండా అడ్డుకునే పూత. అంచులో వేలెడంత వదిలేస్తే అక్కడి నుంచే రొట్టె తడిసి చీకిపోతుంది. అంచులు కోసేయడం శాండ్‌విచ్ చేసిన తర్వాత, ముందు కాదు. ఒక్కోటి రెండున్నర సెంటీమీటర్ల వెడల్పున నిలువుగా కోసి, తడి గుడ్డ కప్పి ఉంచాలి. లేకపోతే ఏసీ గాలికి అరగంటలో అప్పడంలా పైకి లేస్తుంది.

స్కోన్ ఇంట్లోనే చేసి చూడాలనుకునేవారికి కొలతలు ఇవి. మైదా 250 గ్రాములు, బేకింగ్ పౌడరు మూడు టీ చెంచాలు, చల్లటి వెన్న 50 గ్రాములు, చక్కెర 30 గ్రాములు, చిటికెడు ఉప్పు, పాలు 150 మిల్లీలీటర్లు. వెన్నను పొడి పిండిలో వేలి కొసలతో రవ్వలా నలపాలి, అరచేతులు తగలనీయకూడదు, వేడికి కరుగుతుంది. పాలు పోసి ఒకటి రెండుసార్లు కలిపి వదిలేయాలి. చపాతీ పిండిలా మర్దించారో రాయే. రెండున్నర సెంటీమీటర్ల మందాన ఒత్తి, గ్లాసు అంచుకు పిండి అద్ది నేరుగా కిందికి నొక్కి కోయాలి. తిప్పుతూ కోస్తే అంచు పూడిపోయి ఒక పక్కకు ఒరుగుతూ పొంగుతుంది. ముందుగా వేడెక్కిన ఓవెన్‌లో 220 డిగ్రీల దగ్గర 12 నిమిషాలు. పైన గుడ్డు బదులు పాలు పూయండి. స్కోన్‌ను కత్తితో కోయరు, నడుమ పట్టి రెండుగా విప్పుతారు. మీద జామ్, క్లాటెడ్ క్రీమ్. ఇంగ్లండులో డెవన్ వాళ్లు క్రీమ్ ముందు రాస్తారు, కార్న్‌వాల్ వాళ్లు జామ్ ముందు రాస్తారు. మన వైష్ణవుల నామాల తగువులా అదీ తెగేది కాదు. క్లాటెడ్ క్రీమ్ అనగానే ఏదో అనుకోకండి, సన్నటి సెగ మీద గంటల తరబడి ఉంచిన చిక్కటి క్రీము మీద కట్టే మీగడ అది. కార్న్‌వాల్ పేరు పెట్టి అమ్మాలంటే కొవ్వు కనీసం 55 శాతం ఉండాలి. పిడకల సెగ మీద మట్టి కుండలో కాగిన పాల మీగడ తిన్నవాళ్లకు దానిలో అబ్బురం కనిపించదు.

వేళ సంగతి. తలుపులు తెరిచేది మూడున్నరకో నాలుగుకో. గంటసేపట్లో ముగిసిపోతుంది. రేవులో ఆగని రోజుల్లో పది పదిహేను నిమిషాల ముందే వరుస కడతారు. కూర్చోబెట్టడం అయిపోయాక తలుపులు వేసేస్తారు. సింగపూరు నుంచి బయలుదేరే ఓడలో గడియారం మనకన్నా రెండున్నర గంటలు ముందుంటుంది. చేతి వాచీ మార్చని పెద్దవాళ్లకు వాచీలో ఒంటిగంట అయినప్పుడు అక్కడ టీ మొదలవుతుంది. ఓడ సమయం రేవు ఊరి సమయంతో అన్నిసార్లూ కలవదు, ఫోను గడియారాన్నీ నమ్మలేం. గదికి వచ్చే రోజువారీ కాగితంలో ఉన్న వేళ, గది టీవీలో కనిపించే వేళ, ఈ రెండే లెక్క. సముద్రం మీద ఫోను ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో ఉంచకపోతే శాటిలైట్ నెట్‌వర్కుకు తగులుకుంటుంది, ఆ బిల్లు టిక్కెట్టుతో పోటీ పడుతుంది.

బట్టల గురించి పెద్ద చింత వద్దు. చీర, చుడీదారు, చొక్కా ప్యాంటు ఏదైనా సరే. ఈతకొలను తడిబట్టలతో మాత్రం రానివ్వరు. చాలాచోట్ల ఎనిమిది మంది బల్ల దగ్గర తెలియనివాళ్లతో కలిపి కూర్చోబెడతారు, వద్దనుకుంటే ముందే చెప్పొచ్చు. టీ, తినేవాటికి డబ్బులు లేవు గానీ షాంపేన్ కలిపిన టీకి, కాఫీ బార్లో ఇచ్చే ప్రత్యేక రకాలకు విడిగా వేస్తారు. వాటి మీద 18 శాతం, కొన్నిచోట్ల అంతకన్నా ఎక్కువ సర్వీసు చార్జీ పడుతుంది. రోజుకింత అని మనిషి తలకు వేసే టిప్పులు ఇది కాక.

అల రేగిన రోజున కప్పు మూడు వంతులకు మించి నింపొద్దు. టీపాట్ కొమ్ము మనుషుల వైపు తిప్పి పెట్టొద్దు. వెయిటర్లు ట్రేలో తడి గుడ్డ పరిచి పైన కప్పులు పెడతారు, జారకుండా ఉండటానికి. తిరుపతిలో హోటల్ మేనేజ్‌మెంట్, వంట విద్య నేర్పే సంస్థలున్నాయి, అక్కడ చదివి ఓడ ఉద్యోగాలకు పోవాలనుకునే పిల్లలూ ఉన్నారు. ట్రే మోయడం గట్టినేల మీదే కాక ఊగే నేల మీదా సాధన చేయిస్తే మేలు. కడుపులో తిప్పుతుంటే క్రీము జోలికి పోకుండా ఒట్టి స్కోన్, అల్లం వేసిన టీ తీసుకుని, ఓడ నడిమి భాగంలో, కింది అంతస్తులో, దిగంతం కనిపించే కిటికీ పక్కన కూర్చోండి. అక్కడ ఊపు తక్కువ. ఖాళీ కడుపున ఉంటే తిప్పడం ఇంకా ఎక్కువవుతుంది.

చేతులు సబ్బుతో రుద్ది కడుక్కునే పోవాలి. ఓడల్లో వాంతులు, విరేచనాలు తెప్పించే నోరోవైరస్‌కు తలుపు దగ్గర కొట్టే శానిటైజర్ అంతగా లొంగదు. మిగిలిన శాండ్‌విచ్‌లు టిష్యూలో చుట్టి రాత్రికని గదికి పట్టుకుపోవడం మన పెద్దలకు అలవాటు. పారేయడానికి మనసొప్పదు, నిజమే. కానీ గుడ్డు, క్రీము ఉన్నవి చల్లదనం నుంచి తీశాక నాలుగు గంటలకు మించి ఉంచకూడదన్నది ఓడ వంటగదుల లెక్క, అందులో ఎక్కువ సేపు మీ ముందుకు రాకముందే గడిచి ఉంటుంది. రాత్రికి కావాలంటే అంగట్లో కొని తీసుకుపోయిన నిప్పట్లు, మురుకుల ప్యాకెట్లు ఉండనే ఉన్నాయి. ప్యాకెట్టు సీలు విప్పనివైతే చాలా ఓడల్లోకి రానిస్తారు, రేవులో దిగేటప్పుడు మాత్రం సంచిలో లేకుండా చూసుకోండి.

మీ పత్రిక పర్యాటక పేజీలో ఓడ ప్యాకేజీల ప్రకటనల పక్కన ఈ వివరాలకు కాస్త చోటిస్తే బాగుంటుంది. ఏజెంట్లు తెలుగులో ఒక్క కాగితం అచ్చేసి టిక్కెట్టుతో పాటు చేతిలో పెట్టొచ్చు: టీ వేళ, ఏ గదిలో, ఎగ్‌లెస్ అని రాయించారా లేదా, ఓడ గడియారం ఎంత ముందు. నాలుగు రోజుల ప్రయాణంలో రేవులో ఆగని రోజు ఒకటో రెండో వస్తాయి. ఆఖరి రోజుకని వాయిదా వేస్తే అందరూ అదే రోజు వస్తారు. మొదటి సముద్రపు రోజునే పోండి, నాలుగు బ్యాగులు అడగడం మరవకండి.

ఇట్లు,
హోటల్, కేటరింగ్ రంగాల్లో ఉన్న కొందరం,
తిరుపతి